నర్స్ అనస్థీషియా చదువు: ఫ్రంట్‌లోడెడ్‌లో చేరాలా, ఇంటిగ్రేటెడ్‌లోనా? తేల్చుకోవడం ఎలా

అమెరికాలో ఐసీయూలో పనిచేసే తెలుగు నర్సులు ఇద్దరు కలిస్తే మాట ఎక్కడో ఒకచోట సీఆర్‌ఎన్‌ఏ (మత్తు ఇచ్చే అర్హత ఉన్న నర్సు) చదువు మీదికి వెళ్తుంది. ఆ వెంటనే చిన్నవాళ్లు పెద్దవాళ్లను అడిగేది ఇదే: "అక్కా, ఫ్రంట్‌లోడెడ్ మంచిదా, ఇంటిగ్రేటెడ్ మంచిదా?" అంటే క్లాసులన్నీ ముందే ముగించి ఆసుపత్రి శిక్షణకు వెళ్లడమా, రెండూ కలిపి నడపడమా అని. ఒక్క ముక్కలో జవాబు చెప్పేసేవాళ్ల మాట పట్టించుకోకండి. ఏ పద్ధతిలో చదివినా చివరికి రాసేది ఒకే పరీక్ష, వచ్చేది ఒకే సర్టిఫికెట్. కానీ ఆ మూడేళ్లు మీ నిద్ర, మీ పిల్లలు, మీ బ్యాంకు బ్యాలెన్స్ ఎలా ఉంటాయన్నది ఫార్మాట్‌ను బట్టి చాలా మారిపోతుంది. నా లెక్కలో బ్రోషర్ మీద రాసిన ఫార్మాట్ పేరుకు విలువ తక్కువ, లోపలి టైమ్‌టేబుల్‌కు విలువ ఎక్కువ. ఆ టైమ్‌టేబుల్ ఎలా సంపాదించాలో, దాన్ని మీ పరిస్థితితో ఎలా సరిచూసుకోవాలో వరసగా చెబుతాను.

ఇండియాలో ఉండి ఇది చదువుతున్నవాళ్లకు ఒక మాట. మన దగ్గర మత్తు ఇచ్చేది ఎండీ లాంటి పీజీ చదువు చేసిన డాక్టరు. బీఎస్సీ అనస్థీషియా టెక్నాలజీ చదివినవాళ్లు ఆ డాక్టరుకు సాయంగా ఉంటారు. అమెరికాలో సీఆర్‌ఎన్‌ఏ అంటే ఐసీయూలో పనిచేసిన నర్సు, ఆపైన డాక్టరేట్ స్థాయి చదువు చదివి, తానే మత్తు ఇచ్చే అర్హత తెచ్చుకోవడం. కొన్ని రాష్ట్రాల్లో డాక్టరు పర్యవేక్షణ లేకుండానే పనిచేస్తారు. మన టెక్నాలజీ కోర్సు సర్టిఫికెట్ చూపించి దీంట్లో చేరడం కుదరదు. ముందు ఎన్‌క్లెక్స్ (అమెరికా నర్సు లైసెన్సు పరీక్ష) పాసై ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్సు ఉండాలి, బీఎస్సీ నర్సింగ్ స్థాయి డిగ్రీ ఉండాలి, క్రిటికల్ కేర్‌లో కనీసం ఏడాది ఫుల్‌టైమ్ అనుభవం ఉండాలి. జీఎన్‌ఎం డిప్లొమా మాత్రమే చేసినవాళ్లు మామూలుగా మధ్యలో బీఎస్‌ఎన్ (అమెరికా నర్సింగ్ డిగ్రీ) పూర్తి చేయాలి.

ముందు, అన్నిచోట్లా ఒకేలా ఉండేవాటిని పక్కన పెట్టండి

కాలేజీల వెబ్‌సైట్లు అందరికీ తప్పనిసరైన నిబంధనలను కూడా తమ గొప్పలాగా రాసుకుంటాయి. వాటిని చూసి పోల్చుకుంటూ కూర్చుంటే టైమ్ వేస్ట్. ఈ ప్రోగ్రాములకు గుర్తింపు ఇచ్చే సంస్థ సీఓఏ. 2022 జనవరి 1 నుంచి కొత్తగా చేరే ప్రతి విద్యార్థీ డాక్టరేట్ ప్రోగ్రాములోనే చేరాలని దాని నియమం. డిగ్రీ పేరు డీఎన్‌పీ (నర్సింగ్ ప్రాక్టీసులో డాక్టరేట్) కావచ్చు, డీఎన్‌ఏపీ (నర్స్ అనస్థీషియా ప్రాక్టీసులో డాక్టరేట్) కావచ్చు, రెండింటితోనూ సీఆర్‌ఎన్‌ఏ పరీక్ష రాయవచ్చు. బీఎస్‌ఎన్ మీద చేరేవాళ్లకు చదువు కనీసం 36 నెలలు. పూర్తయ్యేలోగా కనీసం 600 కేసులు, 2000 గంటల క్లినికల్ శిక్షణ చూపించాలి. అందులో నోటి ద్వారా గొట్టం వేయడం ఇన్ని, ప్రసూతి కేసులు ఇన్ని, పిల్లల కేసులు ఇన్ని అని విడివిడిగా కనీస సంఖ్యలు ఉంటాయి.

పని గంటలకూ హద్దులున్నాయి. క్లాసు, క్లినికల్ అంతా కలిపి నాలుగు వారాల సగటున వారానికి 64 గంటలు దాటకూడదు. రోగి బాధ్యతలో ఏకబిగిన 16 గంటలకు మించి ఉంచకూడదు. క్లినికల్ డ్యూటీకీ డ్యూటీకీ మధ్య 10 గంటల విశ్రాంతి ఇవ్వాలి. ఓఆర్‌లో (ఆపరేషన్ థియేటర్‌లో) ఒక ఇన్‌స్ట్రక్టర్ కింద ఇద్దరికి మించి విద్యార్థులు ఉండకూడదు.

ఇవన్నీ ఉన్నాయని ఏ కాలేజీ చెప్పినా తల ఊపి ముందుకు వెళ్లండి. తేడా ఎక్కడుందో అక్కడే చూడాలి.

మూడు పద్ధతులూ లోపల ఎలా నడుస్తాయో చూడండి

ఇండియాలో నర్సింగ్ చదివినవాళ్లకు దీన్ని అర్థం చేసుకోవడం తేలిక. పొద్దున వార్డులో పోస్టింగు, మధ్యాహ్నం క్లాసు, రాత్రి కేస్ స్టడీ రాసుకోవడం గుర్తుందా? అది ఇంటిగ్రేటెడ్. కొన్ని వారాలు వార్డు ముఖం చూడకుండా థియరీ బ్లాక్‌లో కూర్చోబెట్టేవాళ్లు కదా? దాన్ని ఏడాదికి, ఏడాదిన్నరకు సాగదీస్తే ఫ్రంట్‌లోడెడ్.

ఫ్రంట్‌లోడెడ్‌లో ఫిజియాలజీ, ఫార్మకాలజీ, అనస్థీషియా సూత్రాలు, కెమిస్ట్రీ, ఫిజిక్స్, డాక్టరేట్ పేపర్లు చాలావరకు ముందే అయిపోతాయి. తర్వాత ఫుల్‌టైమ్ క్లినికల్. ఆ దశలో క్లాసులు తగ్గిపోయి సెమినార్లు, రివ్యూ, ప్రాజెక్టు మిగులుతాయి. ఇంటిగ్రేటెడ్‌లో ఒకటి రెండు సెమిస్టర్లు కాగానే వారానికి ఒకటో రెండో రోజులు ఓఆర్‌లోకి పంపుతారు. సెమిస్టర్ మారేకొద్దీ క్లినికల్ రోజులు పెరుగుతాయి, క్లాసులు మాత్రం దాదాపు చివరిదాకా నడుస్తూనే ఉంటాయి.

మూడోది హైబ్రిడ్. ఈ పేరు దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండాలి. ఒక కాలేజీలో హైబ్రిడ్ అంటే మొదటి కొన్ని సెమిస్టర్లు ఆన్‌లైన్‌లో డాక్టరేట్ పేపర్లు, ఆ తర్వాత క్యాంపస్. ఇంకో కాలేజీలో సైన్సు పాఠాలు కూడా ఆన్‌లైనే, సిమ్యులేషన్ కోసం మాత్రం అప్పుడప్పుడు క్యాంపస్‌కు వెళ్లి కొన్ని రోజులు ఉండాలి. మరోచోట ఫ్రంట్‌లోడెడ్‌కూ ఇంటిగ్రేటెడ్‌కూ మధ్యరకం నడుపుతూ దానికే హైబ్రిడ్ అని పేరు పెడతారు. పేరు ఒకటే, లోపల సరుకు మూడు రకాలు. ఆ మాట చూసి ఏమీ నిర్ణయించుకోవద్దు.

ఇక తేడా ఎక్కడ తెలుస్తుందో దగ్గరగా చూద్దాం. విద్యార్థిగా మీ మొదటి క్లినికల్ రోజు అనుకోండి. ముందురోజు రాత్రే మర్నాటి కేసుల లిస్టు చూసి, ప్రతి రోగికీ కేర్ ప్లాన్ రాసి, ప్రిసెప్టర్‌కు (పక్కనుండి పని నేర్పే సీనియర్‌కు) పంపి ఉంటారు. పొద్దున 5:30కల్లా ఓఆర్‌లో ఉండాలి. మెషీన్ చెక్, సక్షన్ పనిచేస్తోందా, గొంతులోకి చూసే లారింగోస్కోప్ లైటు వెలుగుతోందా, రెండు సైజుల ట్యూబులు సిద్ధంగా ఉన్నాయా. తర్వాత ప్రొపోఫోల్ (మత్తు మందు), రోక్యురోనియం (కండరాలను సడలించేది), ఫినైల్‌ఎఫ్రిన్ (బీపీ పెంచేది) సిరంజిలలోకి తీసి ప్రతిదానికీ లేబుల్ అంటించాలి. ఏడున్నరకు రోగి లోపలికి వస్తారు. మాస్క్ ముఖానికి గట్టిగా పట్టుకుని, దవడ పైకెత్తి, ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌ను చూపే క్యాప్నోగ్రాఫ్ గీత లేస్తోందో లేదో చూస్తుండగా ప్రిసెప్టర్ నెమ్మదిగా అడుగుతారు: "ఈయనకు రోక్యురోనియం ఎందుకు ఎంచుకున్నావ్? సుక్సినైల్‌కోలిన్ ఎందుకు వద్దన్నావ్?" అదీ కండరాలను సడలించే మందే.

ఫ్రంట్‌లోడెడ్ విద్యార్థికి జవాబు తెలుసు. ఆ పాఠం, పరీక్ష ఎప్పుడో అయిపోయాయి. ఇబ్బంది ఎక్కడంటే ఆ పాఠం చదివి పది నెలలైంది, పైగా ఏడాదిగా రోగిని ముట్టుకోలేదు. ఐసీయూలో కళ్లు మూసుకుని పెట్టిన ఆర్టీరియల్ లైన్ (ధమనిలోకి వేసే సన్న గొట్టం) ఇప్పుడు చేయి వణికిస్తుంది. మాలిగ్నెంట్ హైపర్‌థర్మియాలో (మత్తు మందు వల్ల వచ్చే ప్రాణాంతక స్థితిలో) దాని విరుగుడు మందు డాంట్రోలీన్ మొదటి డోసు కిలోకు 2.5 మిల్లీగ్రాములని పరీక్షలో రాసినవాళ్లే, ఆ ప్రశ్న ఓఆర్‌లో అడిగితే ఒక్క క్షణం తడుముకుంటారు.

ఇంటిగ్రేటెడ్ విద్యార్థి చేయి ఇంకా ఐసీయూ వేడి మీదే ఉంటుంది. పోయిన వారం క్లాసులో విన్న మందు ఈ వారం సిరంజిలో ఉంటుంది కాబట్టి గట్టిగా గుర్తుండిపోతుంది. కానీ గుండె ఆపరేషన్ల పాఠం ఇంకా మొదలుకాకముందే గుండె జబ్బున్న రోగి లిస్టులో కనిపించవచ్చు. ఆ రాత్రి తానే పుస్తకం తెరిచి చదువుకుని వెళ్లాలి. రెండు రోజుల తర్వాత ఫార్మకాలజీ పరీక్ష ఉంటే, టెన్షన్ ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

ఒకదాంట్లో పాఠం మరిచిపోయే భయం, రెండోదాంట్లో పాఠానికి ముందే కేసు ఎదురయ్యే భయం. ఈ రెండింటిలో మీరు దేన్ని తట్టుకోగలరన్నదే మీ ప్రశ్న.

మీ సంగతి మీరు నిజాయితీగా రాసుకోండి

ఒక కాగితం తీసుకోండి. మొదట రాయాల్సింది: సైన్సు సబ్జెక్టులు చదివి ఎన్నేళ్లైంది? విజయవాడలోనో వరంగల్‌లోనో పన్నెండేళ్ల కిందట బీఎస్సీ నర్సింగ్ చేసి, ఇప్పుడు ఇక్కడ ఐసీయూలో పనిచేస్తున్నవాళ్లకు ఆర్గానిక్ కెమిస్ట్రీ, గ్యాస్ సూత్రాలు దాదాపు కొత్త పాఠాలే. అలాంటివాళ్లు మొదట ఊపిరి పీల్చుకుని చదువుకునే టైమ్ దొరికే ఫ్రంట్‌లోడెడ్ వైపు మొగ్గడం మంచిదని నా అభిప్రాయం. గత రెండు మూడేళ్లలో గ్రాడ్యుయేట్ స్థాయి ఫిజియాలజీ, కెమిస్ట్రీ పేపర్లు చేసి మంచి గ్రేడ్లు తెచ్చుకున్నవాళ్లకు ఈ భయం అక్కర్లేదు.

రెండోది, మీరు ఎలా నేర్చుకుంటారు? ఐసీయూలో కొత్త డివైస్ వచ్చినప్పుడు మీరేం చేశారో గుర్తు తెచ్చుకోండి. మాన్యువల్ మొత్తం చదివాకే ముట్టుకున్నారా? పక్కన నిలబడి ఒకసారి చూసి చేయి పెట్టేసి, ఆ తర్వాత చదువుకున్నారా? రెండో రకంవాళ్లను ఏడాదిన్నర క్లాస్‌రూమ్‌లో కూర్చోబెడితే విసుగెత్తిపోతారు. చదవడానికి ఓపిక చాలక మార్కులు తగ్గించుకున్నవాళ్లు కూడా ఉంటారు.

మూడోది ఐసీయూ రకం. కార్డియోవాస్క్యులర్ సర్జికల్ ఐసీయూలో వెంటిలేటర్లు, వాసోప్రెసర్లు (బీపీ పెంచే మందులు), స్వాన్-గాంజ్ కాథెటర్లతో (గుండె పనితీరు కొలిచే గొట్టాలతో) రోజూ గడిపినవాళ్లు ఓఆర్‌లోకి తొందరగా వెళ్లినా నిలదొక్కుకుంటారు. మెడికల్ ఐసీయూలోనో, చిన్న ఊరి ఆసుపత్రిలోనో పనిచేసి తక్కువ రకాల కేసులు చూసినవాళ్లు ముందు థియరీ దృఢం చేసుకుంటే మొదటి నెలల్లో ధైర్యంగా ఉంటారు. ఇది కచ్చితమైన సూత్రమేమీ కాదు. ఎంత బలమైన ఐసీయూ నుంచి వచ్చినా ఓఆర్‌లో మళ్లీ కొత్తవాళ్లమే.

నాలుగోది ఇంగ్లిష్. దీని గురించి మనవాళ్లు పైకి మాట్లాడరు. ఓఆర్‌లో మాస్కుల వెనక నుంచి, సర్జన్ విసుగ్గా, వేగంగా మాట్లాడే ఇంగ్లిష్ పట్టుకోవడం ఐసీయూ రౌండ్స్ కంటే కష్టం. దేశంలోకి వచ్చి ఏడాది రెండేళ్లే అయినవాళ్లకు ముందు క్లాస్‌రూమ్, సిమ్యులేషన్ దశ ఉండటం ఈ విషయంలో కూడా పనికొస్తుంది.

సెమిస్టర్ వారీ టైమ్‌టేబుల్ అడిగి తెప్పించుకోండి

ఇన్ఫర్మేషన్ సెషన్లలో చూపించే రంగుల చార్టులతో సరిపెట్టుకోకండి. ప్రోగ్రాం కోఆర్డినేటర్‌కు మెయిల్ రాసి, ఇప్పుడు రెండో ఏడాదిలో ఉన్న బ్యాచ్ వారం షెడ్యూలు ఎలా ఉందో అడగండి. ఇవ్వని కాలేజీలూ ఉంటాయి. ఇచ్చినవాళ్లు ఇచ్చే తీరులోనే కొంత తెలిసిపోతుంది.

షెడ్యూలు చేతికి వచ్చాక ముందు వెతకాల్సింది మొదటి ఓఆర్ రోజు ఎన్నో నెలలో వస్తుందన్నది. ఆ నెలకల్లా అడ్వాన్స్‌డ్ ఫార్మకాలజీ, ఎయిర్‌వే, మెషీన్ పాఠాలు అయిపోయాయా? ఇంటిగ్రేటెడ్‌లో ఇవి అయ్యాకే పంపుతున్నారంటే ప్లాన్ బాగుందన్నమాట. సగంలో ఉండగా పంపుతుంటే మొదటి నెలల్లో ఎలాంటి కేసులు ఇస్తారో అడగండి.

ఫ్రంట్‌లోడెడ్ అయితే చూడాల్సింది మధ్యలోని ఖాళీ. క్లాసులు ముగిసి క్లినికల్ మొదలయ్యేలోపు సిమ్యులేషన్ ల్యాబ్ ఎన్ని గంటలు? అది మొదటి సెమిస్టర్ నుంచే ఉందా, చివర్లో ఒక్కసారిగా పెట్టారా? చదివే ఏడాదిలో ఓఆర్‌లో ఊరికే నిలబడి చూసే అబ్జర్వేషన్ రోజులైనా ఉన్నాయా? ఇవేమీ లేకపోతే ఆ ప్రోగ్రాములో మొదటి క్లినికల్ నెల చాలా గట్టిగా తగులుతుంది.

డాక్టరేట్ ప్రాజెక్టు ఎక్కడ పడుతుందో కూడా చూడండి. చాలాచోట్ల డేటా సేకరించి రిపోర్టు రాసే పని సరిగ్గా క్లినికల్ ముమ్మరంగా ఉన్నప్పుడే వస్తుంది. ఫ్రంట్‌లోడెడ్‌లో "రెండో దశలో క్లాసులుండవు" అని విని సంబరపడినవాళ్లను ఇది ముంచుతుంది. చివరి ఏడాదిలో పరీక్ష ప్రిపరేషన్ కూడా ఉంటుంది. ఎన్‌బీసీఆర్‌ఎన్‌ఏ (సీఆర్‌ఎన్‌ఏ సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు) పెట్టే సర్టిఫికేషన్ పరీక్షలో మీ జవాబులను బట్టి తర్వాతి ప్రశ్న మారుతుంది, 100 నుంచి 170 ప్రశ్నలదాకా రావచ్చు, గడువు మూడు గంటలు. ఆ పరీక్షకు ముందు మీ స్థాయి తెలుసుకోవడానికి ఎస్‌ఈఈ అనే పరీక్ష కూడా ఉంటుంది. దాన్ని ఎప్పుడు రాయిస్తారు, తక్కువ స్కోరు వస్తే ఏం చేస్తారు అని అడగండి. ఇంటిగ్రేటెడ్‌లో క్లాసులు చివరిదాకా నడుస్తాయి కాబట్టి రివ్యూ దానంతట అదే జరిగిపోతుంది. ఫ్రంట్‌లోడెడ్‌లో ఎవరో కూర్చోబెట్టి రివ్యూ చేయించాలి, లేదా మీరే చేసుకోవాలి.

క్లినికల్ సైట్ల మ్యాపు గీయండి

నన్నడిగితే ఫార్మాట్ కంటే దీనికే ఎక్కువ టైమ్ పెట్టాలి. ప్రోగ్రాం అనుబంధ ఆసుపత్రుల లిస్టు తీసుకుని, గూగుల్ మ్యాప్స్‌లో మీ ఇంటి నుంచి ఒక్కొక్కదానికీ తెల్లవారుజామున ఎంతసేపు పడుతుందో చూడండి. గంటన్నర డ్రైవ్ చేసి 5:30కు చేరాలంటే నాలుగింటికి బయలుదేరాలి. ఐస్ కురిసే రాష్ట్రమైతే ఇంకా ముందు.

ఫ్రంట్‌లోడెడ్‌లో, ముఖ్యంగా దూరవిద్య పద్ధతిలో నడిచేవాటిలో, క్లినికల్ దశలో విద్యార్థులను వేరే ఊరికో వేరే రాష్ట్రానికో పంపడం మామూలే. కొన్నిచోట్ల ఒకే ఆసుపత్రి కేంద్రంగా ఉండి అక్కడే ఏడాదిన్నర గడపవచ్చు. కొన్నిచోట్ల నెలకో రెండు నెలలకో సైటు మారుతుంది. ఇంటిగ్రేటెడ్‌లో వారం మధ్యలో క్యాంపస్‌కు రావాలి కనుక సైట్లు సాధారణంగా దగ్గర్లోనే ఉంటాయి. క్లాసులు ఆన్‌లైన్ అయితే ఆ హామీ కూడా లేదు.

వేరే రాష్ట్రంలో రొటేషన్ అంటే అక్కడ ఆర్‌ఎన్ లైసెన్సు కావాలి. టెక్సాస్‌లాంటి కాంపాక్ట్ రాష్ట్రంలో (ఒకరి నర్సు లైసెన్సును ఒకరు ఒప్పుకునే ఒప్పందంలో ఉన్న రాష్ట్రంలో) మీ శాశ్వత నివాసం ఉంటే మల్టీస్టేట్ లైసెన్సుతో తోటి కాంపాక్ట్ రాష్ట్రాలన్నీ తిరగవచ్చు. కాలిఫోర్నియా, న్యూయార్క్ ఆ ఒప్పందంలో లేవు. అక్కడికి పంపుతారంటే నెలల ముందే దరఖాస్తు చేసుకోవాలి, ఫీజు మీ జేబులోంచే.

దూరం చూసుకున్నాక కేసుల సంగతికి రండి. పెద్ద టీచింగ్ ఆసుపత్రి పేరు చూసి మురిసిపోకండి. అక్కడ అనస్థీషియా రెసిడెంట్ డాక్టర్లు కూడా నేర్చుకుంటూ ఉంటారు. ఎపిడ్యూరల్స్ (వెన్నులో ఇచ్చే మత్తు), నర్వ్ బ్లాకులు (ఒక నరానికే ఇచ్చే మత్తు), సెంట్రల్ లైన్లు (పెద్ద సిరలోకి వేసే గొట్టాలు) ఎవరి చేతికి వస్తాయన్న పోటీ ఉంటుంది. చిన్న పట్టణంలో సీఆర్‌ఎన్‌ఏలే సొంతంగా నడిపే ఆసుపత్రిలో విద్యార్థికి ఒక వారంలో దొరికే స్పైనల్స్ (నడుము దగ్గర వెన్నులో ఇచ్చే మత్తు ఇంజెక్షన్లు) పెద్ద ఆసుపత్రిలో నెలకైనా దొరక్కపోవచ్చు. ఇలా అడగండి: "పోయిన బ్యాచ్ విద్యార్థులు ఎపిడ్యూరల్స్, స్పైనల్స్, పెరిఫెరల్ బ్లాకులు సగటున ఎన్నెన్ని చేసి బయటికి వెళ్లారు? పిల్లల కేసులు ఏ సైటులో దొరుకుతాయి?" కనీస సంఖ్యకు అటూ ఇటూగా బయటపడుతున్నారని తెలిస్తే, ఫార్మాట్ ఎంత నచ్చినా ఆలోచించండి.

ఇక్కడ ఇంటిగ్రేటెడ్‌కు ఒక సౌలభ్యం ఉంది. ఎక్కువ నెలల పాటు ఓఆర్‌లో ఉంటారు కాబట్టి ఫలానా రకం కేసులు తగ్గాయని ముందే తెలుస్తుంది, సర్దుకోవడానికి టైమ్ ఉంటుంది. ఫ్రంట్‌లోడెడ్‌లో ప్రసూతి రొటేషన్ ఒక్కటే వస్తే, ఆ నెలలో మీకు ఫ్లూ వచ్చి వారం పోతే, చివర్లో హడావిడే.

డబ్బు లెక్క, వీసా లెక్క

ట్యూషన్ మాత్రమే లక్ష డాలర్లు దాటే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. దానికి తోడు మూడేళ్లు జీతం ఉండదు. చాలా కాలేజీలు పని చేయవద్దని గట్టిగా చెబుతాయి, క్లినికల్ మొదలయ్యాక ఎలాగూ కుదరదు.

ఫార్మాట్‌కూ డబ్బుకూ సంబంధం ఇక్కడే ఉంది. మొదటి సెమిస్టర్లు ఆన్‌లైన్ అయిన హైబ్రిడ్‌లోనో, తేలికగా మొదలయ్యే ఫ్రంట్‌లోడెడ్‌లోనో కొన్నాళ్లు పర్ డీమ్ (అవసరాన్ని బట్టి పిలిచే) షిఫ్టులు చేసుకోవచ్చు, ఆసుపత్రి ఇన్సూరెన్సు ఇంకొంతకాలం నిలుపుకోవచ్చు. అది ప్రోగ్రాం అనుమతిస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. ఇంటిగ్రేటెడ్‌లో ఆదాయం త్వరగా ఆగిపోతుంది, కానీ సైట్లు దగ్గరైతే రెండో ఇంటి అద్దె తప్పుతుంది. దూరం సైట్లున్న ఫ్రంట్‌లోడెడ్‌లో చివరి ఏడాదిన్నర రెండు అద్దెలు కట్టాల్సి రావచ్చు.

లోన్ల నిబంధనలు ఈమధ్యే మారాయి. 2025 జులైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ లోను (చదువు ఖర్చు మొత్తానికి ఇచ్చే ఫెడరల్ లోను) ఉండదు. ఫెడరల్ లోను మామూలు గ్రాడ్యుయేట్ కోర్సులకు ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం లక్ష డాలర్లకు పరిమితం. ప్రొఫెషనల్ కోర్సులుగా గుర్తించినవాటికి ఏడాదికి 50,000, మొత్తం 2 లక్షలు. మీ ప్రోగ్రాం ఏ కోవలోకి వస్తుందో ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో అడగండి. పాత సీనియర్లు "లోన్ మొత్తం వచ్చేస్తుంది, ఏం ఫర్లేదు" అని చెబితే అది వాళ్ల రోజుల మాట. మిగతా సొమ్ము ప్రైవేటు లోనుగా తెచ్చుకోవాలంటే వడ్డీ, కోసైనర్ (అప్పుకు హామీ సంతకం పెట్టేవారు) సంగతి ముందే చూసుకోవాలి.

ఈబీ-3 (ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్‌కార్డు కోవ) మీద గ్రీన్‌కార్డుతో వచ్చిన నర్సులు ఫెడరల్ లోనుకు అర్హులే. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబ సభ్యుల వీసా) మీద ఉన్నవాళ్లు చదువుకోవచ్చు కానీ ఫెడరల్ లోను రాదు. గ్రీన్‌కార్డు తప్పనిసరా, క్లినికల్ సైట్లు వీసా మీద ఉన్న విద్యార్థిని ఒప్పుకుంటాయా అన్నది అప్లికేషన్ ఫీజు కట్టకముందే కాలేజీని అడగండి. ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో కూడా ఒకసారి మాట్లాడితే మంచిది. మూడేళ్ల మధ్యలో స్టేటస్ మారే అవకాశం ఉన్నవాళ్లు ఈ పని అస్సలు వాయిదా వేయకూడదు.

తర్వాత వచ్చే జీతం కూడా లెక్కలో వేయండి. అమెరికా కార్మిక శాఖ లెక్కల్లో 2024 మే నాటికి నర్స్ అనస్థటిస్టుల మధ్యస్థ వార్షిక వేతనం 2 లక్షల 20 వేల డాలర్లు దాటింది. అయితే ఆ అంకె చూసి ఎంత అప్పైనా తీరిపోతుందిలే అనుకోవద్దు. మధ్యలో చదువు ఆగిపోతే అప్పు మాత్రమే మిగులుతుంది.

ఇంట్లోవాళ్లతో క్యాలెండర్ ముందు పెట్టుకుని కూర్చోండి

"మూడేళ్లు ఓపిక పట్టండి" అని ఇంట్లో చెప్పడం తేలిక. ఏ నెలలో ఏం జరుగుతుందో చూపించడం వేరు. ఫ్రంట్‌లోడెడ్‌లో మొదటి దశలో మీరు ఇంట్లోనే ఉంటారు, కానీ పుస్తకాల ముందు. పిల్లల స్కూల్ పికప్ చేయగలరు. రెండో దశలో ఇంట్లోనే ఉండరు. ఇంటిగ్రేటెడ్‌లో ఈ రెండూ మూడేళ్లూ కలగలిసి ఉంటాయి, ఏ వారం ఎలా ఉంటుందో ముందే చెప్పడం కష్టం.

మన ఇళ్లలో దీనికి ఒక మార్గం ఉంది: అమ్మో అత్తయ్యో వచ్చి ఉండటం. విజిటర్ వీసా మీద వచ్చేవాళ్లకు సాధారణంగా ఒక్కసారికి ఆరు నెలలదాకా ఉండనిస్తారు. ఫ్రంట్‌లోడెడ్ అయితే వాళ్లను సరిగ్గా క్లినికల్ మొదలయ్యే నెలకు రప్పించవచ్చు, ఆరు నెలల తర్వాత రెండోవైపు పెద్దవాళ్లు రావచ్చు. ఇంటిగ్రేటెడ్ అయితే ఎప్పుడు పిలవాలో తేల్చుకోవడమే ఇబ్బంది, డేకేర్ మీదే ఎక్కువ ఆధారపడాల్సి వస్తుంది. భార్యాభర్తల్లో రెండోవారికి ఐటీ ఉద్యోగమై, వారానికి మూడు రోజులు ఆఫీసుకు రమ్మంటుంటే ఆ రోజులు కూడా ఈ క్యాలెండర్‌లోకి రావాలి.

గర్భం ప్లాన్ చేసుకుంటున్నవాళ్లు ప్రోగ్రాం లీవ్ పాలసీ చదవండి. ఫ్రంట్‌లోడెడ్‌లో ఒక పేపర్ తప్పితే అది మళ్లీ వచ్చే ఏడాదే వచ్చే అవకాశం ఉంది. అంటే మీ బ్యాచ్ మారిపోతుంది.

అంకెలు, ఆ తర్వాత మనుషులు

గుర్తింపు ఉన్న ప్రతి ప్రోగ్రామూ తన వెబ్‌సైట్‌లో మూడు అంకెలు పెట్టాలి: మధ్యలో మానేసినవాళ్ల శాతం, మొదటి ప్రయత్నంలో సర్టిఫికేషన్ పరీక్ష పాసైనవాళ్ల శాతం, ఉద్యోగాలు వచ్చినవాళ్ల శాతం. పాస్ శాతం ఒక్కటే చూడకండి. బలహీనంగా ఉన్నవాళ్లు ముందే వెళ్లిపోతే పాస్ శాతం దానంతట అదే పెరుగుతుంది. మానేసినవాళ్లు ఎక్కువగా ఉంటే ఏ దశలో మానేశారో అడగండి. ఫ్రంట్‌లోడెడ్‌లో మొదటి రెండు సెమిస్టర్లలోనే వెళ్లిపోయారంటే అప్పు కొంత తక్కువతో బయటపడ్డారు. రెండేళ్లు చదివాక క్లినికల్‌లో పంపించేశారంటే అది ఆలోచించాల్సిన విషయం, ఆ ప్రోగ్రాములో విద్యార్థిని నిలబెట్టే ఏర్పాటు లేదేమో చూడాలి.

తర్వాత ప్రస్తుత విద్యార్థులతో మాట్లాడండి, వీలైతే రెండో ఏడాదిలో ఉన్నవాళ్లతో. కాలేజీ పరిచయం చేసేవాళ్లు మంచే చెబుతారు కాబట్టి మీ ఆసుపత్రి ఓఆర్‌కు రొటేషన్ మీద వచ్చే విద్యార్థిని కాఫీకి పిలవండి. సీఆర్‌ఎన్‌ఏ షాడోయింగ్ (వెంట ఉండి పని చూడటం) ఎలాగూ చేయాలి కాబట్టి ఆ రోజే ఈ పనీ అయిపోతుంది. "ప్రోగ్రాం బాగుందా?" అని అడిగితే "బాగుంది" అంటారు. "పోయిన మంగళవారం పొద్దున్నుంచి రాత్రిదాకా ఏం చేశావ్?" అని అడగండి. క్లాసుందా, కేసుందా, ఎన్నింటికి ఇల్లు చేరారు, ఎన్నింటికి పడుకున్నారు, అన్నీ అందులోనే వచ్చేస్తాయి. కాల్ షిఫ్టు చేసిన మర్నాడు క్లాసుకు రమ్మంటున్నారా అన్నది కూడా అక్కడే బయటపడుతుంది.

రెండుచోట్ల సీటు వస్తే ఇంకో పని మిగులుతుంది. డిపాజిట్ గడువు కాలేజీని బట్టి రెండు వారాలే ఉండవచ్చు, కట్టిన డబ్బు సాధారణంగా వెనక్కి రాదు. కాబట్టి సీటు మెయిల్ వచ్చేదాకా ఆగకుండా, ఇంటర్వ్యూకు వెళ్లే ముందే పై లెక్కలన్నీ ఒక షీట్‌లో వేసి ఉంచుకోండి. ఆ షీట్‌లో ఖాళీగా మిగిలిన గడులే ఇంటర్వ్యూ చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అన్నప్పుడు మీరు అడగాల్సిన ప్రశ్నలు.